తలవస్త్రము పడిన చోట

2025వ సంవత్సరము జూలై మాసమున మన గుడివాడలో జనించిన కోనేరు హంపి ప్రపంచ స్త్రీల చదరంగపు కప్పునకై తుదియాట ఆడిన సంగతి మీలో పెక్కుమంది యెరుగుదురు. ఆ యాటలో ఆమెను గెలిచినదియు మన దేశపు బాలికయే, నాగపురమునకు చెందిన దివ్యా దేశముఖ్. ఆ దినములలో వార్తలు వినునపుడెల్ల మా యింట "బటూమి, బటూమి" యను పేరు చెవిని పడుచుండెను. "అమ్మా, ఆ బటూమి యెక్కడ నున్నది?" అని మా చిన్నవాడు అడిగెను. నాకు తెలియదంటిని. మావారు బడినుండి పటముల పుస్తకమును దెచ్చి, నల్లసముద్రపు తూర్పుటొడ్డున నొక చుక్కను చూపిరి. అది జార్జియా దేశపు ఓడరేవు.

నాటినుండి ఆ దేశమునుగూర్చి దొరకినదెల్ల చదువుచు వచ్చితిని. 1962 మొదలు 1978 వరకు నోనా గప్రిందాష్విలి, పిమ్మట 1991 వరకు మాయా చిబుర్దానిద్జె స్త్రీల చదరంగమున ప్రపంచాధిపత్యము వహించిరట. ఇరువురును జార్జియా స్త్రీలే. ఆ దేశీయులు శిరమున దాల్చు కావ్య మొకటి కలదు. పండ్రెండవ శతాబ్దపు తుదిని తమారురాణి యేలుబడిలో రుస్తావేలి యను కవి దానిని రచించెను. "పులితోలు దాల్చిన వీరుడు" అని దాని పేరునకు అర్థము. అందలి నాయిక హిందూదేశపు రాజపుత్రిక. ఆడుపిల్లను అత్తవారింటికి పంపునపుడు సారెతోగూడ ఆ గ్రంథమును ఇచ్చుట అచ్చటి పెద్దల వాడుక యందురు. ఇంత చదివిన పిదప ఆ దేశము నాకు దూరదేశముగ తోచలేదు. కావున ఈ మాసమున అచ్చటివారు తిరిగి లేవనెత్తుచున్న పోరువిద్యను గూర్చి మీతో ముచ్చటింప దలచితిని. "పోరాటములతో మనకేమి పని?" యందురేమో. కడవరకు చదివి ఆ మాట మీరే తేల్చుడు.

జార్జియా చిన్నదేశము. జనసంఖ్య నలువది లక్షలకు లోపు. ఉత్తరమున కాకసస్ మహాపర్వతములు, పడమట సముద్రము. ఆ ప్రజలు తమ నేలను "సకార్త్వేలో" యని పిలుచుకొందురు. తూర్పునకును పడమరకును నడుమ దారిలో నున్న ఇల్లు గనుక ప్రతి దండును దాని వాకిటనుండియే పోయెను. మంగోలులు వచ్చిరి, తైమూరు వచ్చెను, తురుష్కులు వచ్చిరి. 1795లో పారసీక ప్రభువు ఆగా మహమ్మదుఖాను రాజధానియగు టిబిలిసి నగరమును దగ్ధము గావించెను. 1801లో రష్యా చక్రవర్తి తూర్పు జార్జియా రాజ్యమును తన రాజ్యమున గలుపుకొనెను. ఇట్టి దేశమున సైనికుడు వేరు, కర్షకుడు వేరు అను భేదము నిలువదు. నాగలి పట్టినవాడే కత్తియు పట్టవలసి వచ్చెను. అందుచే పోరువిద్య పల్లెపల్లెను పండుగలలోను, పాటలలోను, నాట్యములలోను కలిసిపోయినది.

ఆ విద్యలలో నేటికిని ప్రాణముతో నున్నది "చిదావోబా" యను మల్లయుద్ధము. మల్లులు చేతులులేని పొట్టియంగీ తొడిగి నడుమునకు పట్టీ బిగింతురు. ఆ యంగీ పేరు చొఖా. ఆరుబయట, ఊరివారెల్లరు చుట్టును గూడియుండగా పోరు జరుగును. సన్నాయిని పోలిన జుర్నా యొకటి మ్రోగును, డోలు మ్రోగును. ఆ డోలును వారు "డోలి" యందురు! ఈ మాట చదివినపుడు నాకు మా పుట్టినింటి పెండ్లిపందిరి జ్ఞప్తికి వచ్చినది. పట్లును, విడుపులును కలిసి ఇన్నూరువరకు కలవట. అంగీని, నడికట్టును పట్టి ప్రత్యర్థిని వెల్లకిల పడవేయుట గెలుపు. పడినవానిపై బడి కొట్టుట లేదు. పోరు ముగిసిన పిమ్మట మల్లులు నాట్యమాడుచు గోదానుండి వెడలుటయు కలదు. 2018లో యునెస్కో సంస్థ ఈ చిదావోబాను మానవజాతి అమూర్త సాంస్కృతిక సంపదల పట్టికలో జేర్చెను.

ఈ సంగతి చదువుచుండగా నాకు విరాటపర్వము స్ఫురించినది. అందును పండుగయే, అందును మల్లయుద్ధమే, అందును రాజు, ప్రజలు చూచుచున్నవారే. కాని వలలుడై యున్న భీమసేనుడు జీమూతుని గెలుచుటతో నిలువక చంపివైచెను. చూచినవారు మెచ్చుకొనిరి. చిన్ననాడు మా తండ్రిగారివద్ద ఆ ఘట్టము చదువునపుడు నేనును మెచ్చుకొంటిని. జీమూతునకు ఒక తల్లి యుండునను తలపు నాకు ఇద్దరు కొడుకులు కలిగిన పిదప కాని పుట్టలేదు.

చిదావోబా గాక ఇంక రెండు విద్యలు కలవు. మొదటిది "క్రివి". పట్టణపు పేటలవారు పండుగదినములలో జట్లుగా చీలి పిడికిళ్ళతో తలపడుట. రెండవది "పరికావోబా". అనగా కత్తియు, డాలును ధరించి పోరుట. దీనికి పుట్టిల్లు కాకసస్ పర్వతములలోని ఖెవ్సురేతి సీమ. ఆ సీమయందలి షాటిలి గ్రామమున ఒకదానినొకటి ఆనుకొనియున్న రాతిబురుజులే ఇండ్లు, ఇండ్లే కోట. ఖెవ్సురులు చిన్న గుండ్రని డాళ్ళను చేత ధరించి, ఇనుపకడియల నల్లిన కవచములను తొడిగెడివారు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలోగూడ ఆ కొండలకు వెళ్ళిన బాటసారులు ఇట్టి కవచధారులను కన్నులార చూచిరి. వారి వస్త్రములపై స్త్రీలు కుట్టిన శిలువగుర్తులను, ఈ కవచములను చూచి, "వీరు వెనుకటి క్రైస్తవ మతయుద్ధములలో త్రోవదప్పిన ఐరోపా వీరుల సంతతివా"రని కొందరు కథ యల్లిరి. పండితులు ఆ కథను అంగీకరింపరు. వింతదుస్తు కనబడినచోట వింతకథ పుట్టుట లోకసహజము.

ఈ విద్యలు ఏల క్షీణించెను? తుపాకి వచ్చిన పిదప కత్తికి పని తగ్గెను. 1921లో ఎఱ్ఱసేనలు ప్రవేశించి జార్జియాను సోవియట్ పాలనలోనికి దెచ్చినవి. ఆ ప్రభుత్వము మల్లయుద్ధమును చంపలేదు, కాని దాని వేషమును మార్చెను. పెక్కుజాతుల కుస్తీపట్లను ఏరి "సాంబో" యను క్రొత్తక్రీడను గూర్చి, 1938లో దానికి ప్రభుత్వముద్ర వేసిరి. అందు జార్జియా పట్లును కలవు. జపానువారి జూడోలోగూడ ఆ పట్లు పనికివచ్చెను. 1972లో మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో షోటా చొచిష్విలి యను జార్జియా వీరుడు స్వర్ణపతకము నందెను. పతకము సోవియట్ దేశమునకు పోయెను; పట్టు తాతలది. ఖెవ్సురుల గతి ఇంతకంటె దుఃఖకరము. 1950వ దశాబ్దపు మొదట వారిని కొండలనుండి దింపి మైదానములకు తరలించిరి. బురుజులలో దీపములు ఆరిపోయినవి. ముంగిలి లేనిచోట ముంగిటి విద్య యెట్లు నిలుచును?

సోవియట్ పాలన సడలుచుండిన నాళ్ళలోను, 1991 ఏప్రిల్ 9వ తేదీని జార్జియా స్వాతంత్ర్యమును ప్రకటించిన పిమ్మటను, కొందరు ఉత్సాహవంతులు ఈ విద్యల నన్నిటిని మరల ఒకచోట గూర్ప బూనిరి. కుస్తీ, పిడికిలిపోరు, కత్తిసాము, విలువిద్య మున్నగువానిని చేర్చి "ఖ్రిదోలి" యను పేరున బాలురకు, యువకులకు నేర్పుచున్నారు.

చెదరిన విద్యను కూర్చుట యెట్లు? కుస్తీపట్లు పల్లెలలో బ్రతికియే యున్నవి. కత్తులును, డాళ్ళును మ్యూజియములలో నున్నవి. కొండలలోని వృద్ధుల నోట వినదగినది వినవచ్చును. అన్నిటికంటె నాకు వింతగ తోచినది నాట్యము. "ఖొరుమి" యని యొక యుద్ధనాట్యము కలదు. ఐదేసి దెబ్బల నడకలో, మన సంగీతమువారు ఖండనడక యందురే, ఆ లెక్కలో సాగును. విడిదికై చోటు వెదకుట, శత్రువు జాడ తీయుట, పోరుట, గెలిచి పొంగుట, ఈ నాలుగును అందు వరుసగా కానవచ్చును. 1945లో ఇలికో సుఖిష్విలి, నినో రమిష్విలి యను దంపతులు ఒక నాట్యబృందమును స్థాపించి ఇట్టి నాట్యములను లోకమునకు చూపిరి. కత్తి పట్టుట మరచిన కాలములో కత్తి పట్టువాని అడుగులను నాట్యము కొంతవరకు కాపాడినది.

ఐనను నాట్యము పోరు కాదు. రంగస్థలమునకై అడుగు అందముగ సాగును. నిజముగ కత్తి మీదికి వచ్చునపుడు అడుగు వేరు. ఏది తాతలనాటిది, ఏది నిన్న కూర్చినది యను ప్రశ్న పునరుద్ధారకులను విడువదు. మా తండ్రిగారు తాళపత్రమునకు ప్రతి వ్రాయునపుడు పురుగు తినిన చోట అక్షరములను తాము పూరించెడివారు కారు. చుక్కలు పెట్టి విడిచెడివారు. "పూరించుట నాకు తెలియక కాదమ్మా, రేపు చదువువాడు నా మాటను కవిమాట యనుకొనరాదు" అనెడివారు. పోయిన విద్యలను తెచ్చువారందరికిని ఈ నియమ మవసరమని నా తలంపు. చుక్కలున్న ప్రతి సిగ్గుపడదగినది కాదు.

ఇపుడు నేను చెప్పదలచిన అసలు విషయమునకు వచ్చుచున్నాను.

ఖెవ్సురుల పరికావోబాలో కొట్టుటకు మాత్రమే కాదు, ఆపుటకును విధులు కలవు. గాయము చేసినవాడు ఊరకపోరాదు. గాయపు పొడవున యవగింజలను పేర్చి, ఎన్ని గింజలు పట్టెనో పెద్దలు లెక్కింతురు. ఆ లెక్కకు తగినట్లు గాయపరచినవాడు పశువుల నిచ్చుకొనవలెను. కత్తి యెత్తువానికి ఆ గింజలు కన్నులయెదుట మెదలకుండునా?

రెండవ విధి మనకు చెందినది. ఆ స్త్రీలు తలకు చుట్టుకొను వస్త్రమును "మందిలి" యందురు. ఇరువురు కత్తులు దూసి పోరుచుండగా ఒక స్త్రీ వచ్చి తన మందిలిని తీసి వారి నడుమ విసరినయెడల, ఎంత క్రోధమున నున్నను వారు కత్తులు దించవలెను. అది ఆ సీమ మర్యాద. ఆ వస్త్రమును దాటి కత్తి సాచినవాడు నలుగురిలో తలయెత్తుకొనలేడు. ఖెవ్సురుల పేరున నున్న నాట్యములో నేటికిని ఈ ఘట్టమును చూపుదురు. కత్తులు నిప్పులు రాల్చుచుండును, నర్తకి మందిలిని విసరును, అంతయు నిలిచిపోవును.

ఇది చదివి పుస్తకము మూసి చాలసేపు ఊరక కూర్చుంటిని. మన భారతమునందును ఒక స్త్రీ వస్త్రము కలదు. నిండుసభలో దానిని పురుషులు లాగిరి; మహావీరులెల్లరు చూచుచు కూర్చుండిరి; పదునెనిమిది అక్షౌహిణులు కూలిన గాని ఆ లాగుటకు ఫలము తీరలేదు. ఈ కొండపల్లెలో స్త్రీ తన వస్త్రమును తానే తీసి విసరెను, కత్తి నిలిచెను. కురుక్షేత్రమున మాత్రము నియమములు లేవా? ఆయుధము లేనివానిని కొట్టరాదని, ప్రొద్దు గ్రుంకిన పోరరాదని ఇరుపక్షములవారును ముందుగ ఒప్పుకొనినవారే. ఒక్కొక్క నియమమును ఒక్కొక్క వీరుడు తెంచుకొనుచు పోగా తుదకు అశ్వత్థామ నిద్రించు బాలురను చంపునంతవరకు వచ్చినది. విద్యకు కొదువ యుండియా? ఆ సేనలలో విద్య తక్కువైనవాడు ఎవడు? నిలుచుట తెలియని విద్య యెంత హెచ్చిన అంత కీడు.

ఈ కథను ఒకనాటి రాత్రి మా పిల్లలకు చెప్పితిని. మరునాడు మధ్యాహ్నము పెరటిలో ఇరువురును కొబ్బరిమట్టలు చేతబట్టి ఖెవ్సురులైరి. డాళ్ళు నా వంటింటి సిబ్బిరేకులు. కొంతసేపటికి నవ్వులు మాని నిజముగ కొట్టుకొనసాగిరి. నేను కేకవేసితిని, వినలేదు. పొయ్యియొద్దనుండి పరుగెత్తి చేతిలోని మసిగుడ్డను వారి నడుమ విసరితిని. పెద్దవాడు వెంటనే మట్ట దించెను. చిన్నవాడు అదనుచూచి వాని నుదుటిపై ఒక్కటి వేసెను. రక్తము వచ్చినది.

గాయమునకు పసుపు అద్దుచుండగా పెద్దవాడు నావైపు చూచిన చూపు నేను మరువజాలను. "నీవు ఆపుమంటివని ఆపితినిగదా" యన్నట్లుండెను. వాడు మర్యాద పాటించి దెబ్బ తినెను. నా మసిగుడ్డలో మహిమ లేదు. మందిలిలోను లేదు. ఆపవలెనని ఇరువురును ముందుగ మనసున ఒప్పుకొనియుండిననే ఆ గుడ్డకు బలము. ఒకడు ఒప్పుకొని, ఒకడు ఒప్పుకొననిచో మర్యాదస్థునికే నష్టము. సాయంకాలము మావారితో చెప్పగా, "బడిలో కవాతు నేర్పునపుడు నడచుట అందరికిని త్వరగా వచ్చును. ఆగుమన్న ఒక్కసారిగ ఆగుట నేర్పుటకు నెల పట్టును" అనిరి.

ఖెవ్సురుల మర్యాద ఒకనాటిలో పుట్టినది కాదు. తల్లి యొడిలోనే బాలుడు దానిని నేర్చెను. కత్తి పట్టుటకు ముందే కత్తి దించుట నేర్చెను. ఖ్రిదోలి నేర్పు గురువులు కత్తిదెబ్బలను మాత్రము తెచ్చి, యవగింజలను, మందిలిని విడిచినయెడల వారు తెచ్చినది సగము విద్యయే. ఆ సగము లోకమున కొదువగా లేదు. దానికై కొండలెక్క పనిలేదు.

ఐతే, సోదరీమణులారా, ఇంకొక మాట దాచుట ధర్మము కాదు. మందిలికి కత్తి దించిన ఆ సీమలోనే పగలు తరతరములు సాగినవి. రక్తమునకు రక్తమను లెక్కలు తండ్రినుండి కొడుకునకు ఆస్తివలె వచ్చెడివి. ఆ సీమలోనే, గత శతాబ్దపు తొలిభాగము వరకును, స్త్రీలు నెలనెలయు ఊరి వెలుపలి గుడిసెలో ఒంటిగ గడపవలసి వచ్చెడిది. ప్రసవవేదనయందును వేరొక గుడిసెయే గతి. ఎవరి తలవస్త్రమునకు వీరులు తలవంచిరో ఆమెయే బిడ్డను కనునపుడు రాతిగోడల నడుమ తోడులేక మూల్గెను. మైల, అంటు అను మాటలు తెలిసిన మన యిండ్లలో ఈ సంగతిని వేరుగ వివరింప నక్కరలేదు. వారు మనకంటె అన్యాయపరులని చెప్పుటకు మన కధికారమును లేదు.

కావున పూర్వాచారమును పునరుద్ధరించుట యనగా పెట్టెనంతటిని తలపై మోసికొని వచ్చుట కాదు. పెట్టె తెరచి, వెలుగులో ప్రతి వస్త్రమును విప్పి చూచి, చెదపట్టినదానిని విడిచి, గట్టిదానిని ఎండబెట్టి మడచుకొనుట. ఆ పని గృహిణులకు క్రొత్త కాదు. ప్రతి యేట వానలు వెలిసిన పిదప మనము చేయుచున్నదే. పగను, గుడిసెను విడువవలెను. మందిలిని, యవగింజను, పడినవానిపై చేయి చేసికొనని చిదావోబా మర్యాదను ఉంచుకొనవలెను. ఈ ఏరుట పురుషులకు మాత్రమే విడిచిన కత్తి మిగులును, వస్త్రము మిగులదు. జార్జియా స్త్రీలు ఆ ఏరుటలో చేయి కలుపుదురుగాక యని కోరుచున్నాను. ఏబది యెత్తుల ముందు చూపు గల స్త్రీలను కన్న దేశమునకు అది అసాధ్యము కాదు.

మా యింటి సంగతి చెప్పి ముగింతును. పెద్దవాని నుదుటి గాయము మానినది, మచ్చ మిగిలినది. చిన్నవాడు నా బియ్యపుడబ్బాలోనుండి గింజలు తెచ్చి తానే ఆ మచ్చపై పేర్చి లెక్కించెను. రెండు గింజలు పట్టినవి. ఆవులు లేవు గనుక తన రంగుపెన్సిళ్ళు రెండు అన్నకిచ్చెను. ఇపుడు వారు ఆటకు ముందు మసిగుడ్డను దండెముపై వేసి, "ఇది పడిన ఆగవలెను" అని ఇరువురును దానిని తాకి మాట యిచ్చుకొనుచున్నారు. మొన్న గాలికి అది దానంతటదే క్రిందపడెను. ఇరువురును ఆగి, గుడ్డను దండెముపై మరల వేసి, అప్పుడు గాని ఆట సాగింపలేదు.